సీల్ వేసిన పెట్టెలో వచ్చిన రెగ్యులేటర్: ఆన్‌లైన్‌లో కొన్న స్కూబా గేర్‌పై ఒక కేస్ స్టడీ

నేను స్కూబా గేర్ అమ్మను. డైవింగ్ నేర్పుతాను, సిలిండర్ గాలిని పీల్చుకోదగ్గ ఒత్తిడికి దించి నోటికి అందించే రెగ్యులేటర్లు సర్వీసు చేస్తాను. కాబట్టి ఎవరు ఎక్కడ కొన్నా నాకు వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. ఒక్క విషయంలో మాత్రం గట్టి పట్టుదల ఉంది. నీళ్ళలోకి దిగే ముందు ఆ సామానంతా ఒకచోట పెట్టి, ఒకదానికొకటి బిగించి, ఒత్తిడిలో పరీక్షించిన మనిషి ఒకరు ఉండాలి. డైవ్ షాపులో కొంటే ఆ పని షాపువాళ్ళు చేస్తారనుకుంటాం, చాలాచోట్ల చేస్తారు కూడా. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఆ పని ఎవరి వంతో ఎవరూ చెప్పరు. ఈ కేసు రాయడానికి కారణం అదే. డైవర్ అనుమతి తీసుకున్నాను, ఆమె ఎవరో తెలిసే వివరాలు తీసేశాను.

డైవర్, ఆమె కొన్న సామాను

ఆమె ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ కోర్సు పూర్తి చేసి ఏడాది దాటింది. అప్పటిదాకా అద్దె గేర్‌తోనే డైవ్ చేశారు. అద్దె మాస్క్‌లో ప్రతిసారీ నీళ్ళు చేరేవి, అద్దె వెట్‌సూట్ వదులై చలి పుట్టేది. కొన్ని రోజులు బోటు మీదే ఉండి డైవ్ చేసే ట్రిప్ ఒకటి బుక్ చేసుకున్నాక, ఇక సొంత సామాను కొనుక్కోవాల్సిందేనని నిశ్చయించుకున్నారు.

తొందరపడే మనిషి కాదు. రివ్యూలు చదివారు, రేట్లు పోల్చారు, ఏది ఎందుకు కొంటున్నారో ఒక షీటులో రాసి పెట్టుకున్నారు. ఆ షీటు నాకూ చూపించారు. మోడళ్ళ ఎంపికలో వంక పెట్టాల్సింది పెద్దగా లేదు. డయాఫ్రమ్ రకం ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కి బిగించేది), దానికి సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునేది), పసుపురంగు ఆక్టోపస్ (తోడు డైవర్‌కి గాలి అయిపోతే ఇచ్చే అదనపు సెకండ్ స్టేజ్), ప్రెజర్ గేజ్ ఒక సెట్టుగా ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తీసుకున్నారు. బీసీడీ, అంటే గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్, ఇంకొకరి దగ్గర, మంచి డిస్కౌంట్‌లో. అడుగున ఇంకా ఎంతసేపు ఉండవచ్చో లెక్కగట్టి చూపే డైవ్ కంప్యూటర్ ఓపెన్ బాక్స్ కింద వచ్చింది, అంటే ఎవరో కొని వెనక్కి ఇచ్చినది. మాస్క్ కూడా ఆన్‌లైన్‌లోనే. వెట్‌సూట్, బూట్లు, ఫిన్స్ మాత్రం డైవ్ షాపుకి వెళ్ళి కొన్నారు.

నా దగ్గరికి రావాలని ఆమె అనుకోలేదు. ట్రిప్ నడిపేవాళ్ళు సొంత రెగ్యులేటర్ తెచ్చుకునేవాళ్ళని సర్వీసు రికార్డు అడిగారు, అందుకని వచ్చారు.

"పెట్టె సీల్ నేనే తీశానండీ. ఇంకా నోట్లో కూడా పెట్టుకోలేదు. కొత్తదానికి కూడా చెకప్ కావాలా?" అని అడిగారు.

"కావాలండీ. ఫ్యాక్టరీ నుంచి మీ చేతికి వచ్చేలోపు దీనికి ఏం జరిగిందో మనిద్దరికీ తెలియదు కదా," అన్నాను. అప్పటికి నేనూ పెద్దగా ఏదో బయటపడుతుందని ఊహించలేదు.

బెంచి మీద

నిండు సిలిండర్‌లో గాలి సుమారు 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. ఫస్ట్ స్టేజ్ దాన్ని, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా 9 నుంచి 10 బార్ మాత్రమే ఎక్కువ ఉండేలా దించుతుంది. దాన్ని ఇంటర్మీడియట్ ప్రెజర్ అంటారు, మా పనిలో పొట్టిగా ఐపీ. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ ఆ ఐపీని మనం పీల్చుకోగలిగే స్థాయికి తెచ్చి, పీల్చినప్పుడు మాత్రమే గాలి వదులుతుంది. 1943లో కుస్తో, గన్యాన్ తయారు చేసిన ఆక్వాలంగ్ అనే స్కూబా సెట్టు కాలం నుంచీ అడిగినప్పుడే గాలి ఇవ్వడం అనే పద్ధతి మారలేదు. రెగ్యులేటర్ బాగుందో లేదో తెలియాలంటే ముందు ఐపీ చూడాలి. పైకి ఎంత తళతళలాడుతున్నా నేను ఐపీ గేజ్ ముల్లు చెప్పేదే నమ్ముతాను.

పరీక్ష చిన్నదే. బీసీడీకి తగిలించే ఇన్‌ఫ్లేటర్ హోస్‌కి ఐపీ గేజ్ పెట్టి, సిలిండర్ వాల్వ్ నెమ్మదిగా తిప్పి, సెకండ్ స్టేజ్‌లోంచి గాలిని నేరుగా వదిలే పర్జ్ బటన్ రెండు మూడుసార్లు నొక్కి వదలాలి. నొక్కినప్పుడు ముల్లు పడిపోతుంది. వదలగానే లేచి ఒకచోట ఠక్కున ఆగాలి. ఆగినచోటే ఉండాలి.

ఆమె రెగ్యులేటర్ ముల్లు 9.6 బార్ దగ్గర ఆగింది. తయారీ కంపెనీ చెప్పిన పరిధిలోనే ఉంది. ఇక్కడితో గేజ్ పీకేసి కాగితం మీద ఓకే రాసేవాళ్ళున్నారు. నేను గేజ్ అలాగే ఉంచి, మిగతా హోస్‌లు వంచి చూస్తూ ఉన్నాను. కాసేపటికి 9.8. తర్వాత 10.2. కదులుతున్నట్టు కంటికి తెలియదు, కానీ చూపు తిప్పి మళ్ళీ చూస్తే ముందున్న చోట ఉండదు. ఐదు నిమిషాలు గడిచేసరికి 11 దాటింది. అప్పుడు ఆక్టోపస్ మౌత్‌పీస్‌లోంచి సన్నగా బుస మొదలైంది. ఆమె పక్కనే నిలబడి ఉన్నారు. ఆ చప్పుడు నాకంటే ముందు ఆమెకే వినపడింది.

దీన్ని క్రీప్ అంటాం. వాషరు అరిగిన కుళాయి కట్టేసినా బొట్టుబొట్టుగా కారుతూనే ఉంటుంది చూడండి, అలాగే ఫస్ట్ స్టేజ్ లోపలి వాల్వ్ పూర్తిగా మూసుకోక, సిలిండర్ వైపు గాలి కొద్దికొద్దిగా ఇవతలికి వస్తూ ఉంటుంది. సెకండ్ స్టేజ్ వాల్వ్‌ని గాలి నెట్టే దిశలోనే తెరుచుకునేలా చేస్తారు. అందువల్ల ఐపీ మితిమీరితే అదే తెరుచుకుని గాలిని బయటికి వదిలేస్తుంది. హోస్ పగలకుండా కాపాడే ఏర్పాటు అది, చాలా తెలివైన ఏర్పాటు. నీళ్ళ అడుగున ఉన్న డైవర్‌కి మాత్రం అది ఫ్రీఫ్లో, అంటే పీల్చకపోయినా గాలి ఆగకుండా పోవడం. 30 మీటర్ల లోతులో చుట్టూ ఒత్తిడి 4 బార్. నీటి పైన ఒక ఊపిరికి ఎంత గాలి ఖర్చవుతుందో అక్కడ దానికి నాలుగింతలు ఖర్చవుతుంది. అలాంటి చోట ఫ్రీఫ్లో ముదిరితే సిలిండర్ ఖాళీ కావడానికి ఎక్కువసేపు పట్టదు.

నిజానికి ఇంత నెమ్మదైన క్రీప్ డైవ్ మధ్యలో తెలియకపోవచ్చు. తీసిన ప్రతి ఊపిరికీ ఐపీ మళ్ళీ కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి బుస కొట్టేదాకా పెరగడానికి వ్యవధి దొరకదు. బోటు మీద, వాల్వ్ తెరిచి పెట్టి వంతు కోసం కూర్చున్నప్పుడు బయటపడుతుంది. చాలామంది దాన్ని "మౌత్‌పీస్ కిందికి తిప్పితే ఆగిపోతుంది" అని సర్దుకుపోతారు. కానీ క్రీప్ సాధారణంగా తనంతట తాను బాగుపడదు, వాడేకొద్దీ పెరుగుతుంది.

చాలాకాలం గోడౌన్‌లో ఉన్న రెగ్యులేటర్ కొన్నిసార్లు మొదట్లో ఇలా చేసి, కాసేపు గాలి ఆడించాక సర్దుకుంటుంది. ఆ అవకాశం ఇచ్చాను. పర్జ్ నొక్కుతూ వదులుతూ చాలాసేపు ఆడించి మళ్ళీ గేజ్ పెట్టాను. తేడా రాలేదు. ఇక విప్పక తప్పలేదు.

విప్పేముందు ఇన్‌లెట్ ఫిల్టర్ చూడటం నా అలవాటు. సిలిండర్ గాలి రెగ్యులేటర్‌లోకి వచ్చే చోట, లోహపు పొడిని అదిమి చేసిన చిన్న ముక్క ఒకటి ఉంటుంది. గాలితో వచ్చే నలుసులు దాని దగ్గర ఆగిపోతాయి. ఆ ముక్క రంగు చాలా విషయాలు చెబుతుంది. గోధుమరంగు పొడి కనిపిస్తే ఏదో స్టీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టిందని అర్థం. ఆకుపచ్చగా ఉంటే ఉప్పునీరు లోపలికి వెళ్ళి ఇత్తడి చిలుము పట్టిందని అర్థం. ఆమె ఫిల్టర్‌ని లెన్సు కింద పెడితే మధ్యలో శుభ్రంగానే ఉంది. అంచు చుట్టూ మాత్రం, గోరుతో గీస్తే ఊడేంత పలుచగా, ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది.

పెట్టెలోంచి నేరుగా వచ్చిన రెగ్యులేటర్‌లోకి ఉప్పునీరు వెళ్ళే దారి లేదు. డైవ్ తర్వాత మంచినీళ్ళలో ముంచి కడిగేటప్పుడు ఇన్‌లెట్ మీద డస్ట్ క్యాప్ పెట్టడం మరిచిపోతే, పైన అంటుకున్న ఉప్పు ఆ నీళ్ళలో కరిగి లోపలికి వెళుతుంది. ఎవరో వాడారు, క్యాప్ పెట్టకుండా కడిగారు, వెనక్కి ఇచ్చారు. అమ్మినవాళ్ళు మళ్ళీ పెట్టెలో పెట్టి సీల్ వేశారు. అప్పుడు ఆక్టోపస్ మౌత్‌పీస్ వైపు చూశాను. రెండు సెకండ్ స్టేజ్‌లకీ ఒకే రకం బిగింపు ఉండాలి. ఒకదానికి ఫ్యాక్టరీ నల్ల పట్టీ ఉంది, రెండోదానికి వైర్లు కట్టడానికి వాడే మామూలు తెల్ల జిప్ టై.

ఫస్ట్ స్టేజ్ విప్పాక కారణం స్పష్టంగా దొరికింది. అధిక ఒత్తిడి వైపు వాల్వ్ వచ్చి ఆనుకునే ప్లాస్టిక్ సీట్ మీద గుండ్రటి గాడి పడి ఉంది. గాడి పడటం మామూలే, ఏ రెగ్యులేటర్‌కైనా పడుతుంది. ఆ గాడిలో ఒకచోట గసగసం గింజలో సగం కూడా లేని ఆకుపచ్చ నలుసు కూరుకుపోయి ఉంది. వాల్వ్ మూసుకున్న ప్రతిసారీ ఆ నలుసు పక్కనుంచి గాలి జారుతోంది. అంతే. ఇంత చిన్నదాని వల్ల అంత జరుగుతోంది.

సీట్, ఫిల్టర్, గాలి కారకుండా ఆపే ఓ-రింగులన్నీ మార్చాను. లోహపు భాగాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టి శుభ్రం చేశాను. తిరిగి బిగించి ఐపీ 9.5 దగ్గర సెట్ చేసి, నిండు సిలిండర్ మీదా, 50 బార్‌కి దిగిన సిలిండర్ మీదా చూశాను. ముల్లు కదల్లేదు. సెకండ్ స్టేజ్‌లు రెండూ సుమారు 3 సెంటీమీటర్ల నీటిని పైకి లాగేంత చిన్న పీల్పుకి తెరుచుకునేలా పెట్టాను. ఆక్టోపస్‌ని కొంచెం బిగువుగానే ఉంచాను, వాడని సమయంలో ఊరికే గాలి వదలకుండా. చివరికి మొత్తం సెట్టుని గాలి తెరిచి నీళ్ళ టబ్బులో ముంచి బుడగలు వస్తాయేమో చూశాను. రాలేదు.

డిజైన్ పరంగా ఆ రెగ్యులేటర్ మంచిదే, ఆ మాట కూడా చెప్పాలి. ఒంటి మీద ఈఎన్ 250ఏ అని గుర్తు ఉంది. ఐరోపా ప్రమాణంలో 2014 సవరణ తర్వాత వచ్చిన ఆ చివరి ‘ఏ’ అక్షరానికి, ఒకే ఫస్ట్ స్టేజ్ మీద ఇద్దరు డైవర్లు ఊపిరి తీసుకోవడాన్ని కూడా పరీక్షించారని అర్థం. పక్కనే 10 డిగ్రీలకు పైన అని ఉంటే చల్లటి నీళ్ళకి పనికిరాదు. ఆమె వెళ్ళేది వెచ్చని సముద్రానికి కాబట్టి ఇబ్బంది లేదు.

అమ్మినవాళ్ళు, తయారీ కంపెనీ

ఆమె ముందు వారంటీ సంగతి అడిగారు. సీరియల్ నంబరుతో తయారీ కంపెనీని సంప్రదిస్తే, అది అధీకృత డీలరు ద్వారా అమ్మిన సరుకు కాదు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. గ్రే మార్కెట్ అనేది ఇదే. సరుకు అసలుదే, నకిలీ కాదు. ఎక్కడో డీలరు దగ్గర మిగిలిపోయిన స్టాకు, లేదా ఒక మార్కెట్ కోసం పంపినది ఇంకో మార్కెట్‌లోకి వచ్చింది. ధర తక్కువ ఉండటానికి కారణం అదే. కొన్ని ఆన్‌లైన్ షాపులు కంపెనీ వారంటీ బదులు తమ సొంత వారంటీ ఇస్తాయి, మాట నిలబెట్టుకునేవీ ఉన్నాయి. కానీ అందులో సర్వీసు కిట్‌లు రావు. కొన్ని కంపెనీలు కిట్‌లూ మాన్యువల్సూ తమ దగ్గర శిక్షణ పొందిన టెక్నీషియన్లకే అమ్ముతాయి. ఈ బ్రాండులో నాకు ఆ శిక్షణ ఉంది కాబట్టి కిట్ దొరికింది. లేకపోతే ట్రిప్‌లోపు పని అయ్యేది కాదు.

సీరియల్ నంబరుకి ఇంకో ప్రయోజనం ఉంది, చాలామంది దాని గురించి ఆలోచించరు. ఏదైనా భాగంలో లోపం బయటపడి కంపెనీ రీకాల్ ప్రకటిస్తే, నమోదు చేసుకున్నవాళ్ళకి కబురు నేరుగా వస్తుంది. నమోదు లేనివాళ్ళు తమంతట తాము కనుక్కోవాలి. ఊపిరి ఆధారపడిన వస్తువు విషయంలో ఇది చిన్న తేడా అని నేను అనుకోను.

అమ్మినవాళ్ళకి ఆమె ఫిల్టర్ ఫొటో, సీట్ ఫొటో, జిప్ టై ఫొటో, నా రిపోర్టు పంపారు. మొదటి జవాబు అందరూ ఇచ్చేదే: కస్టమర్ సరిగా కడగలేదు. పెట్టె అందిన తేదీకీ, నా బెంచి మీద పెట్టిన తేదీకీ మధ్య వ్యవధి చూపించి, ఇంకా ఒక్క డైవ్ కూడా చేయలేదని రాశాక మాట మార్చారు. రెగ్యులేటర్ వెనక్కి పంపితే మొత్తం డబ్బు ఇస్తాం, ఉంచుకుంటే సర్వీసు ఖర్చు ఇస్తాం అన్నారు. వెనక్కి పంపమని నేను చెప్పలేదు, ఉంచుకోమనీ చెప్పలేదు. ఇప్పుడు దాని లోపలి సీట్, ఫిల్టర్, ఓ-రింగులు కొత్తవి, దాని చరిత్ర మన ఇద్దరికీ తెలుసు అని మాత్రం అన్నాను. ఆమె ఉంచుకున్నారు. ఖర్చు తిరిగి వచ్చింది.

మిగతా సామాను

బీసీడీ సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి. సైజు చార్టులో ఎత్తు, బరువు చూసి ఆమె మీడియం తీసుకున్నారు. ఇంట్లో టీషర్ట్ మీద వేసుకుంటే సరిగ్గా సరిపోయింది. నేను వెట్‌సూట్ వేసుకుని దాని మీద తొడుక్కోమన్నాను, తర్వాత నోటితో ఊది పూర్తిగా గాలి నింపమన్నాను. గాలి నిండేకొద్దీ జాకెట్ పక్కటెముకల మీద బిగుసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చమంటే సగం దగ్గరే ఆగిపోతోంది. నీటి పైన, అలల్లో, బోటు కోసం ఎదురుచూస్తూ బీసీడీ నిండా గాలి పెట్టుకుని ఉన్నప్పుడే మనిషికి పూర్తి ఊపిరి కావాలి. ఆ సమయంలో జాకెట్ ఛాతీని నొక్కితే భయం మొదలవుతుంది. నీళ్ళలో భయం ఎంత తొందరగా పెరుగుతుందో నేర్పేవాళ్ళందరికీ తెలుసు.

దానికి ఇంకో చిక్కు. ఆ మోడల్‌లో ఇన్‌ఫ్లేటర్‌లోనే సెకండ్ స్టేజ్ కలిసి ఉంటుంది, విడిగా ఆక్టోపస్ అవసరం లేని రకం. దానికి గాలి ఎక్కువ కావాలి కాబట్టి కప్లింగ్ మామూలు ఇన్‌ఫ్లేటర్ కన్నా వెడల్పుగా ఉంది. రెగ్యులేటర్ సెట్టుతో వచ్చిన మామూలు హోస్ దానికి ఎక్కలేదు. సరైన హోస్ పెట్టెలో లేదు, ప్రకటనలో ఆ మాటా లేదు. హోస్ దొరికినా అసలు సమస్య తీరేది కాదు. ఇలాంటి ఏర్పాటులో తోడు డైవర్‌కి గాలి అయిపోతే మన నోట్లో ఉన్న రెగ్యులేటర్ తీసి ఇచ్చి, మనం ఇన్‌ఫ్లేటర్‌లోంచి ఊపిరి తీసుకోవాలి. అందుకు మెయిన్ హోస్ మామూలు కన్నా పొడుగు ఉండాలి, ఇన్‌ఫ్లేటర్ పట్టుకుని గాలి వదులుతూ పైకి రావడం ముందే సాధన చేసి ఉండాలి. ఆమె కోర్సులో నేర్చుకున్నది పసుపు ఆక్టోపస్ అందించడం. కొత్త పద్ధతిని ట్రిప్ ముందు వారంలో నేర్చుకోవాలని నేను చెప్పను.

బీసీడీకి ఇంకా నీళ్ళు తగల్లేదు, ట్యాగులు తెంచలేదు, కాబట్టి వెనక్కి తీసుకున్నారు. ఒక్కసారి పూల్‌లో తడిపి ఉంటే చాలామంది తీసుకోరు. అందుకే ఆన్‌లైన్‌లో బీసీడీ గానీ వెట్‌సూట్ గానీ వస్తే, మొదటి పని వేసుకునే బట్టలన్నీ వేసుకుని పొడిగా పరీక్షించడం. వంగి ఫిన్ స్ట్రాప్ అందుకోవాలి, చెయ్యి వెనక్కి పెట్టి సిలిండర్ వాల్వ్ తాకాలి, గాలి నింపి పూర్తి ఊపిరి తీయాలి. నీళ్ళ కోరిక అప్పటిదాకా ఆపుకోవాలి.

కంప్యూటర్ ఆన్‌లైన్‌లో కొనడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. సైజు సమస్య లేదు, బెంచి మీద సర్దాల్సింది లేదు, ఎంపిక ఎక్కువ. కానీ ఓపెన్ బాక్స్ కాబట్టి మెనూలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాం. గ్యాస్ సెట్టింగ్ 32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ ఉండే గాలి) అని ఉంది, ముందరి యజమాని పెట్టినది. ఆ మోడల్ మళ్ళీ మనం మార్చేదాకా అదే గుర్తుంచుకుంటుంది. ఆమె పీల్చేది మామూలు గాలి. నైట్రోజన్ 79 శాతం ఉంటే కంప్యూటర్ 68 అనుకుని లెక్క కడుతుంది, డీకంప్రెషన్ కోసం దారిలో ఆగకుండానే పైకి రాగలిగేలా అడుగున ఇంకా చాలాసేపు ఉండవచ్చని చూపిస్తుంది. తెర మీద అంకె చూసి నమ్మే కొత్త డైవర్‌కి ఇది క్రీప్ కన్నా ప్రమాదం, ఎందుకంటే బుస వినపడదు. ఫ్యాక్టరీ సెట్టింగులకి తెచ్చి, గాలి అని పెట్టి, యూనిట్లు మీటర్లూ బార్‌లూ చేసి, కొత్త బ్యాటరీ వేశాం.

మాస్క్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చితే అంటుకుని ఉండాలి. ఉండలేదు, ఆమె ముక్కు పక్కన ఎప్పుడూ సందు మిగులుతోంది. ఏ రివ్యూ కూడా ఆ సందు గురించి చెప్పలేదు, చెప్పడం సాధ్యమూ కాదు. షాపులో వరసగా పెట్టుకుని చూస్తే దొరుకుతుంది, అలాగే దొరికింది.

ఇక షాపులో కొన్నవి. వెట్‌సూట్ బాగా అతికింది, మెడ దగ్గర, నడుము వెనక నీళ్ళు దూరే ఖాళీ లేదు. అమ్మిన అమ్మాయి ఆమెతో గంటసేపు ఉండి ఒక్కొక్కటీ వేయించి చూసిందట. ఆ గంటకి ఆన్‌లైన్‌లో ప్రత్యామ్నాయం లేదు. ఫిన్స్ మాత్రం వేరే కథ. ఆమె చేతిలో పెట్టినవి బరువైన, గట్టి రబ్బరు ఫిన్స్, డ్రైసూట్‌తో ట్విన్ సిలిండర్లు మోసే డైవర్లకి నప్పేవి. తేలిక వెట్‌సూట్‌లో ఉన్న చిన్న మనిషికి అవి పిక్కలు పట్టేస్తాయి, కాళ్ళని కిందికి లాగుతాయి. "ఇవి జీవితాంతం ఉంటాయి" అని అమ్మారట. ఉంటాయి, నిజమే. ఆమె అవసరానికి అది జవాబు కాదు. షెల్ఫ్ మీద ఉన్నదాన్ని కస్టమర్‌కి సరిపెట్టడం అంటే ఇదే. షాపు అన్నంత మాత్రాన సలహా తటస్థంగా ఉంటుందని అనుకోకూడదు.

పూల్‌లో

కొత్త బీసీడీ షాపులో కొన్నారు. పూల్‌లో వాడి చూసి తీసుకోనిచ్చే షాపు కాబట్టి అక్కడికి పంపాను. రెండు మోడళ్ళు ప్రయత్నించి, వెనక వైపు గాలి నిండే రకం ఎంచుకున్నారు.

మొత్తం సెట్టుతో మొదటి పని బరువు లెక్క. అద్దె గేర్‌తో ఎన్ని కిలోలు పెట్టుకున్నారో ఆ అంకె ఇక పనికిరాదు. కొత్త వెట్‌సూట్ ఎక్కువ తేలుతుంది, కొత్త బీసీడీకి మెత్తలు తక్కువ కాబట్టి తక్కువ తేలుతుంది. సిలిండర్ 50 బార్ దగ్గర ఉండగా, బీసీడీలో గాలి తీసేసి, మామూలు ఊపిరి పట్టి నిలబడితే నీటి మట్టం కళ్ళ దగ్గర ఉండాలి. నిండు సిలిండర్‌తో చూస్తే లెక్క తప్పుతుంది. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ గాలి రెండున్నర కిలోల పైన తూగుతుంది. డైవ్ చివర్లో ఆ బరువు ఉండదు, పైకి వచ్చేటప్పుడు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ దగ్గర మనిషి పైకి తేలిపోతారు. ఆమెకి అద్దె గేర్‌తో పెట్టుకున్నదాని కన్నా రెండు కిలోలు తగ్గాయి.

తర్వాత ఆక్టోపస్ ఇవ్వడం, మాస్క్ తీసి పెట్టుకోవడం, ఇన్‌ఫ్లేటర్ హోస్ ఊడదీసి నోటితో గాలి నింపడం చేయించాను. హోస్ ఊడదీయడం ఎందుకని అడిగారు. ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుపోతే బీసీడీ తనంతట తాను నిండి మనిషిని పైకి ఎత్తుకుపోతుంది. ఆ కప్లింగ్ కళ్ళు మూసుకుని తీయగలగాలి. కొత్త కప్లింగ్ మొదట్లో బిగుతుగా ఉంటుంది, గ్లవ్స్‌తో ఇంకా కష్టం.

బయలుదేరే ముందు ఇంకో చిన్న సంగతి తేలింది. ఆమె ఫస్ట్ స్టేజ్ డిన్ రకం, మరతో సిలిండర్ వాల్వ్ లోపలికి బిగుస్తుంది. బోటు మీద సిలిండర్లు యోక్ రకం, అంటే రెగ్యులేటర్‌ని వాల్వ్ చుట్టూ బయటినుంచి బిగించేవి. వాల్వ్‌లో విప్పి తీసే ఇన్సర్ట్ ఉంటే డిన్ నేరుగా ఎక్కుతుంది. లేకపోతే అడాప్టర్ కావాలి. ట్రిప్‌వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుంటే కొన్నిటికే ఇన్సర్ట్ ఉందన్నారు. అడాప్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. ఇలాంటివాటికి షాపు చుట్టూ తిరగక్కర్లేదు.

ఎక్కడ ఏది కొనాలని అడిగితే

ఈ కేసు తర్వాత నన్ను అడిగేవాళ్ళకి నేను ఇచ్చే జవాబు మారలేదు, ఇంకా గట్టిపడింది. ఒంటికి అతికి ఉండాల్సినవి, అంటే మాస్క్, సూట్, బూట్లు, బీసీడీ, వేసుకుని చూసి కొనండి. షాపులో గంటసేపు వేసుకుని చూసి, బయటికి వచ్చి అదే ఫోన్‌లో ఆర్డరు పెట్టడం నాకు నచ్చదు. ఆ మనిషి సమయానికి విలువ కట్టండి. కంప్యూటర్, టార్చి, సిగ్నల్ బోయ్, రీల్, అడాప్టర్లు, విడి పట్టీలు ఎక్కడ చవకైతే అక్కడ తీసుకోండి.

రెగ్యులేటర్ విషయంలో మాత్రం అమ్మేవాళ్ళని ఒకే ప్రశ్న అడగమంటాను: "ఈ సెట్టు ఐపీ ఎంతలో పెట్టారు?" కలిపి బిగించి బెంచి మీద చూసినవాళ్ళు అంకె చెబుతారు. ఆన్‌లైన్ అమ్మకందారుల్లోనూ అలాంటివాళ్ళున్నారు, పరీక్ష చీటీ పెట్టెలో పెట్టి పంపుతారు. షాపుల్లోనూ నీళ్ళు నమిలేవాళ్ళున్నారు. బెంచి పని చేయని షాపుకి ఎక్కువ ధర ఇవ్వడానికి నాకైతే కారణం కనిపించదు. బెంచి పని లేకుండా వచ్చిన చవక రెగ్యులేటర్‌కి, ఆ పని చేయించే ఖర్చు కూడా కలుపుకునే ధర పోల్చాలి. అలా పోల్చితే తేడా చాలాసార్లు కరిగిపోతుంది, కొన్నిసార్లు అయినా మిగులుతుంది. మిగిలితే కొనండి, తప్పేం లేదు.

వాడిన సిలిండర్లు మాత్రం ఫొటో చూసి కొనవద్దు. 1980ల చివరిదాకా తయారైన కొన్ని అల్యూమినియం సిలిండర్లు 6351 అనే మిశ్రమలోహంతో చేసినవి. వాటి మెడ దగ్గర పగుళ్ళు వస్తాయి, అలా పేలినవీ ఉన్నాయి. భుజం మీద కొట్టిన ముద్రలు చేతితో తాకి చదివి, లోపల లైటు వేసి చూసే మనిషి లేకుండా ఆ బేరం వద్దు.

ట్రిప్ తర్వాత

తిరిగి వచ్చాక సామాను మళ్ళీ నా దగ్గరికి తెచ్చారు, ఈసారి ఎవరూ అడగకుండానే. ఐపీ 9.5 దగ్గర ఆగి అక్కడే ఉంది. ఫిల్టర్ శుభ్రం. రెండో రోజు బోటు మీద పక్కన ఉన్న డైవర్ ఆక్టోపస్ బుస కొడుతుంటే, మౌత్‌పీస్ తిప్పి ఊరుకోకుండా ఐపీ చూపించమని ఆమే గైడ్‌కి చెప్పారట. ఆ డైవర్‌కి ఆ రోజు అద్దె రెగ్యులేటర్ ఇచ్చారు.

గట్టి ఫిన్స్ షాపువాళ్ళు వెనక్కి తీసుకోలేదు. డ్రైసూట్ వాడే ఒకరికి అమ్మేసి తేలికవి తీసుకున్నారు. రెగ్యులేటర్ సర్వీసు కాగితంలో మార్చిన భాగాలు, ఐపీ అంకెలు, తేదీ రాసి ఇచ్చాను. కంపెనీ చెప్పినట్టు ఏడాదికి ఒకసారి తనిఖీ, రెండేళ్ళకి లేదా 100 డైవ్‌లకి, ఏది ముందైతే అప్పుడు, పూర్తి సర్వీసు. మొదటి తనిఖీ తేదీ ఆమె అక్కడే ఫోన్‌లో నోట్ చేసుకున్నారు.